రెండు ఇంగ్లిష్ మాటల మధ్య తేడా తేల్చుకోవడం ఎలా? లాస్, లూజ్, లూస్ నుంచి అఫెక్ట్, ఎఫెక్ట్ దాకా

గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట వైపు గ్రూప్స్‌కో బ్యాంక్ పరీక్షలకో చదువుతున్న పిల్లల్ని అఫెక్ట్‌కీ ఎఫెక్ట్‌కీ తేడా ఏంటని అడిగి చూడండి. "ఒకటి నౌన్, ఒకటి వెర్బ్ అండీ" అని టక్కున చెప్తారు. ఏది నౌన్, ఏది వెర్బ్ అంటే మాత్రం చాలామంది నీళ్ళు నములుతారు. బట్టీ పట్టిన తేడాకి ఉన్న జబ్బే అది, సరిగ్గా పరీక్ష హాల్లో తిరగబడుతుంది. ఇలాంటి జతలు పదో ఇరవయ్యో అయితే బట్టీతో నెట్టుకురావచ్చు. కానీ అవి వందల్లో ఉన్నాయి. కాబట్టి ఏ జత ఎదురైనా మీరే కూర్చుని తేల్చుకునే పద్ధతి ఒకటి చేతిలో ఉండాలి.

ముందు మనకి ఈ తికమక ఎందుకొస్తుందో చూద్దాం. ఇంగ్లిష్ రాకపోవడం వల్ల కాదు, ఇంగ్లిష్ మాటలు తెలుగులో మరీ ఎక్కువగా వాడటం వల్ల. "వ్యాపారంలో లాస్ అయ్యాడు", "వాళ్ళబ్బాయి సక్సెస్ అయ్యాడు", "ఇంటర్వ్యూకి కాన్ఫిడెన్స్‌గా వెళ్ళు", "వరదకి మా షాపు ఎఫెక్ట్ అయింది" అంటాం. వీటిలో ఒక్కటీ తప్పు కాదు, తెలుగులో అలాగే అంటారు. మన భాష ఏ ఇంగ్లిష్ మాటనైనా తీసుకుని దాని వెనక ఒక "అవ్వు", ఒక "చెయ్యి", ఒక "గా" తగిలించి వాడేసుకుంటుంది. ఆ మాట ఇంగ్లిష్‌లో నౌనా వెర్బా అన్నది మనకి అక్కర్లేదు. చిక్కు ఎక్కడంటే, అదే మాటని తిరిగి ఇంగ్లిష్ వాక్యంలోకి పంపేటప్పుడు. అప్పుడే "హీ సక్సెస్డ్", "ఐ యామ్ కాన్ఫిడెన్స్" లాంటివి పుడతాయి.

మొదటి పని: మాటని వాక్యంతో సహా పట్టుకోండి

ఒంటరిగా ఉన్న మాటని చూసి ఇది నౌన్, ఇది వెర్బ్ అని ముద్ర వేయకండి. "డ్రింక్ వాటర్" అన్నప్పుడు వాటర్ నౌన్. "వాటర్ ద ప్లాంట్స్" అన్నప్పుడు అదే మాట వెర్బ్, మొక్కలకి నీళ్ళు పోయడం. ఇది ఇంగ్లిష్ వాళ్ళ వింతేమీ కాదు. "మావాడి చదువు అయిపోయింది" అన్నప్పుడు చదువు నామవాచకం, "ముందు ఈ పేజీ చదువు" అన్నప్పుడు క్రియ. తెలుగులో దీన్ని మీరు ఆలోచించకుండానే తేల్చేస్తారు, వాక్యం కళ్ళముందు ఉంటుంది కాబట్టి.

ఒక నోట్‌బుక్ తెరిచి ఎడమ పేజీ ఒక మాటకి, కుడి పేజీ రెండో మాటకి ఇచ్చేయండి. ఒక్కోదాని కింద రెండు మూడు వాక్యాలు రాయండి. ఈ దశలో సొంత వాక్యాలు వద్దు, ఇంగ్లిష్ పేపర్లోంచో పాత ప్రశ్నపత్రంలోంచో ఎత్తి రాసుకోండి. ఇంకా తేల్చుకోని మాటతో సొంత వాక్యం రాస్తే మీ తప్పునే మీరు చూసి నేర్చుకున్నట్టవుతుంది.

రెండో పని: తెలుగు తోక కత్తిరించండి

మీరు మాట్లాడేటప్పుడు ఆ మాట వెనక ఏం తగిలిస్తున్నారో గమనించండి. "అయ్యాడు", "చేశాడు", "పడ్డాడు", "గా": ఇవన్నీ మన తోకలు. వాటిని తీసేసి మిగిలిన ముక్కని చూడండి. "టెన్షన్ పడుతున్నా" లో మిగిలేది టెన్షన్, అది నౌన్. ఇంగ్లిష్‌లో మనిషి గురించి చెప్పాలంటే దాని విశేషణం "టెన్స్" కావాలి, "ఐ యామ్ టెన్స్". "కాన్ఫిడెన్స్‌గా ఉన్నా" లో మిగిలేది కాన్ఫిడెన్స్, అదీ నౌనే. "ఐ యామ్" తర్వాత పెట్టడానికి కావలసింది కాన్ఫిడెంట్. సెలవు చీటీల్లో కనిపించే "మై గ్రాండ్‌ఫాదర్ వాజ్ డెత్" కూడా ఇలా పుట్టిందే. ఇంట్లో "తాతయ్య డెత్ అయ్యారు" అంటాం, "అయ్యారు"ని "వాజ్" చేసి డెత్‌ని అలాగే ఉంచేస్తాం. డెత్ నౌన్, డెడ్ విశేషణం, డై వెర్బ్. అక్కడ రాయాల్సింది "మై గ్రాండ్‌ఫాదర్ డైడ్".

మూడో పని: ఖాళీల పరీక్ష

అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చూడండి. ఈ మూడు వాక్యాలు నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టుకోండి.

ద ___ వాజ్ బిగ్.
హీ విల్ ___ ఇట్.
ఇట్ ఈజ్ వెరీ ___.

మొదటి ఖాళీలో ఇమిడేది నౌన్, రెండోదాంట్లో ఇమిడేది వెర్బ్, మూడోదాంట్లో ఇమిడేది విశేషణం, అంటే అడ్జెక్టివ్.

ఇప్పుడు తెలుగువాళ్ళని అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించే జతని తీసుకుందాం: లాస్, లూజ్, లూస్. జత అన్నాను గానీ ఇక్కడ ముగ్గురున్నారు. స్పెల్లింగ్ జాగ్రత్తగా చూడండి. లాస్‌కి చివర రెండు ఎస్‌లు. లూజ్‌కి ఒకే ఓ, తర్వాత ఎస్, ఈ. లూస్‌కి రెండు ఓలు, తర్వాత ఎస్, ఈ.

మిర్చి యార్డులో రోజూ వినపడే సంగతే తీసుకోండి. ఒక రైతు తేజ రకం కాయల్ని ధర పెరుగుతుందని కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. ధర పెరగకపోగా పడింది. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, బయటికి తీసి అమ్మితే పెట్టుబడి కూడా రాలేదు. "పాపం, బాగా లాస్ అయ్యాడు" అంటాం. దీన్ని ఖాళీల్లో పెట్టి చూడండి. "ద లాస్ వాజ్ బిగ్" సరిపోయింది, లాస్ నౌన్. "హీ విల్ లాస్ ఇట్" ఇమడదు. "హీ విల్ లూజ్ ఇట్" ఇమిడింది, లూజ్ వెర్బ్, దాని గతకాలం లాస్ట్. టిక్కీ మూతి సరిగ్గా కుట్టకపోతే ఆ కుట్టు "ఈజ్ వెరీ లూస్", అది విశేషణం. కాబట్టి ఆ రైతు గురించి "హీ లాస్ట్ మనీ" అనొచ్చు, "హీ మేడ్ ఎ లాస్" అనొచ్చు. "హీ ఈజ్ లాస్" అనకూడదు. పోనీ అని మధ్యలో "ఎట్ ఎ" చేర్చి "హీ ఈజ్ ఎట్ ఎ లాస్" అన్నారనుకోండి, అర్థమే మారిపోతుంది. ఏం చేయాలో పాలుపోని స్థితిలో ఉన్నాడని దాని అర్థం. ఆ రైతు విషయంలో అదీ నిజమే కావచ్చు, కానీ మీరు చెప్పదలచింది డబ్బు సంగతి.

ఇక్కడ మన నోరు ఇంకో మెలిక పెడుతుంది. చొక్కా వదులైతే "లూజ్ అయింది" అంటాం, బెల్టు లూజు, నట్టు లూజు. అన్నీ "జ" తోనే. ఇంగ్లిష్‌లో వదులు అనే అర్థమున్న మాటకి చివర "స్" శబ్దం, పోగొట్టుకోవడం అనే మాటకి "జ్" శబ్దం. మనం రెండిటినీ ఒకేలా పలుకుతాం కాబట్టి రాసేటప్పుడు ఓలు లెక్క తప్పుతుంది. పలకడం సరిచేసుకుంటే స్పెల్లింగ్ దానంతటదే కుదురుకుంటుంది.

ఈ స్, జ్ తేడా ఇంకా చాలా చోట్ల పనికొస్తుంది. నౌన్ అయితే "స్", వెర్బ్ అయితే "జ్" అయ్యే మాటలు ఇంగ్లిష్‌లో ఒక గుంపు ఉన్నాయి. అడ్వైస్ అంటే సలహా, సీ తో రాస్తారు. అడ్వైజ్ అంటే సలహా ఇవ్వడం, ఎస్ తో రాస్తారు. యూస్ అన్నప్పుడు ఉపయోగం, యూజ్ అన్నప్పుడు ఉపయోగించడం, స్పెల్లింగ్ ఒకటే అయినా పలకడం వేరు. ఎక్స్‌క్యూస్, ఎక్స్‌క్యూజ్ కూడా అంతే. ఫ, వ ల మధ్యా ఇదే నడక: బిలీఫ్ నౌన్, బిలీవ్ వెర్బ్, ప్రూఫ్ నౌన్, ప్రూవ్ వెర్బ్. ఇది నాకు చాలా ఇష్టమైన కిటుకు, ఎందుకంటే దీన్ని గుర్తుపెట్టుకునేది బుర్ర కాదు, చెవి. అయితే ప్రాక్టీస్ దగ్గర ఇది పని చేయదు. బ్రిటిష్ పద్ధతిలో నౌన్‌కి సీ, వెర్బ్‌కి ఎస్, కానీ రెండూ ఒకేలా పలుకుతారు. లైసెన్స్ కూడా అంతే. అమెరికన్ పద్ధతి వేరు: ప్రాక్టీస్‌ని రెండిటికీ సీ తోనే, లైసెన్స్‌ని రెండిటికీ ఎస్ తోనే రాస్తారు. మన బడుల్లో నేర్పేది బ్రిటిష్ పద్ధతి కాబట్టి పరీక్షలో దాన్నే పట్టుకోండి.

మూడో ఖాళీకి ఒక చిన్న సవరణ ఉంది. కొన్ని విశేషణాల ముందు వెరీ నిలవదు. "వెరీ డెడ్" అనరు కదా. అలాంటప్పుడు వెరీ తీసేసి, ఆ మాట ఏదైనా వస్తువు పేరు ముందు నిలుస్తుందేమో చూడండి. "ఎ డెడ్ ట్రీ" నిలిచింది, చాలు.

నాలుగో పని: నిఘంటువు తెరవండి, కానీ అర్థం ముందు చూడకండి

ఫోన్‌లో చూసినా పుస్తకంలో చూసినా మన కళ్ళు తిన్నగా అర్థం మీదకే పోతాయి. దానికి ముందు వంకర అక్షరాల్లోనో చిన్న అక్షరాల్లోనో ఒక గుర్తు ఉంటుంది. ఎన్ అంటే నౌన్, వీ లేదా వీబీ అంటే వెర్బ్, ఏడీజే అంటే అడ్జెక్టివ్, ఏడీవీ అంటే అడ్వెర్బ్. ముందు దాన్ని చదివి, ఖాళీల పరీక్షలో మీకు తేలినదానితో సరిపోయిందో లేదో చూసుకుని, అప్పుడు అర్థంలోకి వెళ్ళండి.

ఇంగ్లిష్-తెలుగు చిన్న నిఘంటువుతో ఒక ప్రమాదం ఉంది. తెలుగు అర్థం ఏ భాషాభాగమైతే ఇంగ్లిష్ మాట కూడా అదే అనిపిస్తుంది. అలా ఉండాల్సిన పని లేదు. "ఐ లైక్ ఇట్" లో లైక్ వెర్బ్. మనం "నాకు ఇష్టం" అంటాం, ఇష్టం నామవాచకం. "ఐ యామ్ హంగ్రీ" లో హంగ్రీ విశేషణం. మనకి "ఆకలేస్తోంది", అంటే ఒక నామవాచకం, ఒక క్రియ. కాబట్టి తెలుగు అర్థం చూసి భాషాభాగం నిర్ణయించకండి. అర్థానికి తెలుగు, భాషాభాగానికి ఇంగ్లిష్ వాక్యం. ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి.

ఇంకో గుర్తు కూడా చాలామంది వదిలేస్తారు: నౌన్ పక్కన సీ లేదా యూ. లెక్కపెట్టగలిగేది, లెక్కపెట్టలేనిది అని. సలహాని మనం "నాలుగు మంచి సలహాలు" అంటాం. ఇంగ్లిష్‌లో అడ్వైస్ లెక్కపెట్టలేనిది, బహువచనం ఎస్ చేరదు. "ఎ పీస్ ఆఫ్ అడ్వైస్" అనాలి. ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్, లగేజ్ కూడా ఇదే బాపతు.

కొత్త నిఘంటువు కొనే స్తోమత లేకపోతే విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపుల్లో వెతకండి. మాటల భాషాభాగాలు ఏడాదికోసారి మారవు, పాతదైనా మనపనికి నిక్షేపంగా సరిపోతుంది. కాకపోతే వాక్యాల ఉదాహరణలు ఉన్నదే తీసుకోండి. ఉత్త అర్థాలు ఇచ్చేది వద్దు.

ఐదో పని: అర్థాల్ని పక్కపక్కన పెట్టడం

రెండు మాటలూ వేర్వేరు భాషాభాగాలని తేలితే మీ పని దాదాపు అయిపోయినట్టే. అడ్వైస్, అడ్వైజ్‌లకి అర్థంలో పెద్ద తేడా ఏమీ ఉండదు. రెండూ ఒకే భాషాభాగమైతేనే అసలు కష్టం, ఎందుకంటే అప్పుడు ఖాళీల పరీక్ష చేతులెత్తేస్తుంది.

ఎకనామిక్, ఎకనామికల్ చూడండి. రెండూ విశేషణాలే. ఇలాంటప్పుడు ఒక్కోదాని ఎదురుమాట ఏమిటో, అది దేని గురించి చెప్తుందో అడగండి. ఎకనామికల్‌కి ఎదురుమాట దుబారా. తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోయే బండి ఎకనామికల్. ఎకనామిక్‌కి అలాంటి ఎదురుమాట లేదు, అది ఆర్థిక వ్యవస్థకి సంబంధించినది అని మాత్రమే చెప్తుంది: ఎకనామిక్ పాలసీ, ఎకనామిక్ సర్వే. మరి "మా ఇంట్లో ఎకనామికల్‌గా బాలేదు" అని ఎందుకంటాం? కారణం ఉంది. ఈ రెండు విశేషణాలకీ అడ్వెర్బ్ రూపం ఒక్కటే, ఎకనామికల్లీ. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌లో మొదటి అక్షరం ఈ దానిదే: ఎకనామికల్లీ వీకర్ సెక్షన్స్. అక్కడ దాని అర్థం ఆర్థికంగా. చివరి అక్షరాలు తెంపేస్తే ఎకనామికల్ మిగిలినట్టు కనిపిస్తుంది, అక్కడే పప్పులో కాలేస్తాం.

ఒకే భాషాభాగమై, అర్థం తీవ్రతలో తేడా ఉన్నవి ఇంకో రకం. ఫేమిన్, స్కేర్సిటీ రెండూ నౌన్లే, రెండూ ఆహారం దొరకని సంగతే చెప్పగలవు. స్కేర్సిటీ అంటే కొరత, ఫేమిన్ అంటే మనుషులు ఆకలితో చనిపోయే కరువు. ఈ తేడా గుంటూరుకి బాగా తెలుసు. 1832-33 నాటి నందన కరువులో ఈ ప్రాంతం అతలాకుతలమైంది. అప్పట్లో ప్రభుత్వం వాళ్ళు స్కేర్సిటీ అంటుంటే, ఇక్కడ పనిచేసిన సి.పి. బ్రౌన్ దాన్ని ఫేమిన్ అనే రాశాడు. తర్వాత తెలుగుకి నిఘంటువు చేసినాయన ఆయనే. ఈ రకం జతలకి పరీక్ష ఏంటంటే, ఒకదాని చోట రెండోది పెట్టి, వాక్యం తప్పయిందా అని కాకుండా, చెప్పిన విషయం పెరిగిందా తగ్గిందా అని చూడాలి.

ఆరో పని: వెనక వచ్చే చిన్న మాటలు

ఇప్పుడు అఫెక్ట్, ఎఫెక్ట్ దగ్గరికి వద్దాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగిన సంగతి తెలిసిందే. "ద ఎఫెక్ట్ వాజ్ బిగ్" అనొచ్చు, కాబట్టి ఈ తో మొదలయ్యేది నౌన్. "ఇట్ విల్ అఫెక్ట్ అస్" అనొచ్చు, ఏ తో మొదలయ్యేది వెర్బ్. ఇంతవరకు తేలిక. వాక్యం పూర్తి చేసేటప్పుడు తెలుగు మళ్ళీ అడ్డొస్తుంది. "వరద వ్యాపారాల మీద ప్రభావం చూపింది" అంటాం కదా, ఆ "మీద" కోసం చేయి తిరిగి "ద ఫ్లడ్ అఫెక్టెడ్ ఆన్ ద షాప్స్" అని రాసేస్తాం. అఫెక్ట్ వెర్బ్, దాని వెనక ఆన్ రాదు: "ద ఫ్లడ్ అఫెక్టెడ్ ద షాప్స్". నౌన్ వాడితే మాత్రం ఆన్ కావాలి: "ద ఫ్లడ్ హ్యాడ్ ఎ బ్యాడ్ ఎఫెక్ట్ ఆన్ ద షాప్స్".

డిస్కస్, డిస్కషన్‌లదీ ఇదే కథ. "దాని గురించి డిస్కస్ చేశాం" అని అనీ అనీ "వీ డిస్కస్డ్ అబౌట్ ఇట్" అని రాస్తాం. వెర్బ్‌కి అబౌట్ వద్దు, "వీ డిస్కస్డ్ ఇట్". నౌన్‌కి కావాలి, "ఎ డిస్కషన్ అబౌట్ ఇట్". బ్యాంక్ పరీక్షల్లో తప్పు పట్టుకోమనే ప్రశ్నల్లో ఇలాంటివి అడుగుతుంటారు. అందుకే నోట్‌బుక్‌లో వెర్బ్ ఒక్కటే రాసి వదలకండి, దాని వెనక ఏం వస్తుందో కలిపి రాయండి. ఏమీ రాకపోతే "ఏమీ రాదు" అనే రాయండి.

ఇక మినహాయింపులు

పై పనులన్నీ అయ్యాకే వీటి జోలికి వెళ్ళండి, ముందే వెళ్తే బుర్ర చెడిపోతుంది. ఎఫెక్ట్ అరుదుగా వెర్బ్ కూడా అవుతుంది, అప్పుడు దాని అర్థం తీసుకురావడం, జరిపించడం. "ద న్యూ ఆఫీసర్ ఎఫెక్టెడ్ మెనీ చేంజెస్" అంటే మార్పులు తెచ్చాడని. అక్కడ ఏ తో రాస్తే ఉన్న మార్పుల మీద ప్రభావం చూపాడని అర్థం వస్తుంది. పక్కన చేంజ్ అనే మాట కనిపిస్తే ఒక్క క్షణం ఆగి చూడండి. అఫెక్ట్ నౌన్‌గా మనస్తత్వశాస్త్రంలో వస్తుంది, మీకు సైకాలజీ లేకపోతే దాన్ని వదిలేయొచ్చు.

చివర "లీ" ఉంటే అడ్వెర్బ్ అని బడిలో చెప్పేది సగం నిజమే. ఫ్రెండ్లీ, లవ్లీ విశేషణాలు. ఖాళీల పరీక్షలో "ఇట్ ఈజ్ వెరీ లవ్లీ" అని హాయిగా ఇమిడిపోతుంది చూడండి. అన్నిటికన్నా ప్రమాదం హార్డ్, హార్డ్లీ. హార్డ్ విశేషణమూ, అడ్వెర్బూ కూడా. "హీ వర్క్స్ హార్డ్" అంటే కష్టపడి పని చేస్తాడు. దానికి లీ తగిలిస్తే ఇంకా మర్యాదగా ఉంటుందనుకుని "హీ హార్డ్లీ వర్క్స్" అని రాశారో, పని దాదాపు చేయడని చెప్పినట్టు. ఎవరికైనా ఉద్యోగం కోసం సిఫార్సు ఉత్తరం రాసిస్తున్నప్పుడు ఈ ఒక్క జతని మళ్ళీ చూసుకోండి. లేట్, లేట్లీ కూడా ఇలాంటిదే: "హీ కేమ్ లేట్" అంటే ఆలస్యంగా వచ్చాడు, లేట్లీ అంటే ఈమధ్య.

రాసుకున్న పేజీల్ని మర్నాడు అర్థాలు చేత్తో మూసి, వాక్యాలు మాత్రం చూస్తూ ఒకసారి పరీక్షించుకోండి. ఇప్పుడు సొంత వాక్యాలు రాయొచ్చు. మొదలుపెట్టడానికి సక్సెస్, సక్సీడ్, సేఫ్, సేఫ్టీ, బోర్డ్, బోరింగ్, హిస్టారిక్, హిస్టారికల్ తీసుకోండి. మొదటి రెండు జతలూ ఖాళీలతోనే తేలిపోతాయి, సక్సీడ్ దగ్గర మాత్రం చివరి "ఇట్" తీసేసి చూడండి. చివరి రెండు జతల్లో రెండు మాటలూ విశేషణాలే కాబట్టి ఐదో పని దాకా వెళ్ళాల్సి వస్తుంది.